ఊరికొక సాయంత్రం సభ

గ్రామసభ జరుగుతుందని ముందురోజు టముకు వేస్తారు. మర్నాడు పొద్దున పదకొండు గంటలకు పంచాయతీ ఆఫీసు ముందు ఒక బల్ల, నాలుగు కుర్చీలు పడతాయి. ఆ వేళకు నాట్లకు పోయిన ఆడవాళ్లు మడిలో ఉంటారు. కూలికి పోయినవాళ్లు పక్క ఊళ్లో ఉంటారు. గొర్రెల కాపరి గుట్ట మీద ఉంటాడు. సభకు వచ్చేది సర్పంచి, కార్యదర్శి, వారి వెంట తిరిగే పదిమంది, చెట్టు కింద పొద్దు పుచ్చే ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లు. చదివింది ఎవరికీ వినపడదు. కాగితం మీద సంతకాలు పడతాయి. అవి చాలకపోతే పుస్తకం ఇంటింటికీ తిరుగుతుంది. కొన్నాళ్లకు సిమెంటు రోడ్డు ఏ వీధిలో పడిందో చూసి 'ఇది ఎవరు తీర్మానించారు?' అని ఊరు అడుగుతుంది. 'మీరే' అని కాగితం చెబుతుంది.

అన్ని ఊళ్లలోనూ ఇలాగే జరుగుతోందని చెప్పలేము గాని, ఇలా జరిగే ఊళ్లు తక్కువేమీ కావు. తప్పు ఒక్క సర్పంచిదే అనుకుంటే పొరపాటు. ఊరి సంగతులు, దేశం సంగతులు పదిమందీ కూర్చుని మాట్లాడుకునే అలవాటు ఊళ్లలో సన్నగిల్లింది. ముందుగా మాట్లాడుకోని విషయం మీద సభలో నోరు విప్పడం ఎవరికైనా కష్టమే. కనుక గ్రామసభ బాగుపడాలంటే దానికి ముందు మరొక సభ కావాలి. అది పనులు ముగిసిన తర్వాత, సాయంత్రం పూట జరగాలి. టిక్కెట్టు, చందా, సభ్యత్వం వంటివి లేకుండా ఎవరైనా వచ్చి కూర్చునేట్టు, ఎవరైనా అడిగేట్టు ఉండాలి. పెద్ద ఖర్చు లేని ఈ పనిని ప్రతి ఊరూ చేసుకోవచ్చు.

దూబగుంట చెప్పిన పాఠం

సాయంత్రం పూట నలుగురు కూర్చుని మాట్లాడుకుంటే ఏమొరుగుతుందని అడిగేవారికి సమాధానం వెతుక్కుంటూ దూరం పోనక్కరలేదు. నెల్లూరు జిల్లా కలిగిరి మండలంలో దూబగుంట ఉంది.

1991లో జిల్లాలో 'అక్షర దీపం' పేరుతో అక్షరాస్యత ఉద్యమం సాగింది. పగలంతా కూలి చేసి వచ్చిన ఆడవాళ్లు రాత్రిపూట బడి వరండాలోనో, దీపస్తంభం కిందో పలకలు పట్టుకుని కూర్చున్నారు. ఊళ్లో నాలుగక్షరాలు వచ్చిన యువకులు, యువతులే జీతం లేకుండా పాఠం చెప్పారు. వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉండేది. సారా తాగుడుతో చితికిపోయిన సంసారం కథ అది. అక్షరాలు కూడబలుక్కుంటూ ఆ పాఠం చదివిన ఆడవాళ్లకు అది ఎవరి కథో వేరే చెప్పవలసిన అవసరం లేకపోయింది. పాఠం పక్కకు పోయి మాటలు మొదలయ్యాయి. ఎవరి ఇంట్లో ఎంత కూలి డబ్బు సారా కొట్టుకు పోతోంది, ఎవరి ఇంట్లో పిల్లలు పస్తు పడుకుంటున్నారు, ఆ కొట్టును ఊళ్లోకి తెచ్చిందెవరు అన్న మాటలు.

అంతకుముందు ఈ సంగతి ఎవరికి వారు గుమ్మంలోపల దాచుకున్నారు. మొగుడు తాగి కొట్టాడని చెప్పుకోవడం నామోషీ అనుకున్నారు. పదిమంది ఒకచోట కూర్చుని చెప్పుకున్న తర్వాత అది ఒక ఇంటి తలరాత కాదని, ఊరందరి సమస్య అని తేలింది. ఇంకాస్త అడిగితే అది ఊరి సమస్య మాత్రమే కాదని కూడా తేలింది. ప్రభుత్వమే 'వారుణి వాహిని' పేరుతో సారా పొట్లాలను పల్లెలకు చేర్చే ఏర్పాటు చేసింది. సారా పాటల మీద ఖజానాకు రాబడి వస్తోంది. పలకా బలపం పట్టుకున్న కూలి ఆడవాళ్లు రాష్ట్ర ప్రభుత్వ ఆదాయ వ్యయాల దాకా పోయి ప్రశ్న అడిగారు.

దూబగుంట మహిళలు ఊళ్లో సారా కొట్టు మూయించారు. ముందు నిలిచిన వర్ధినేని రోశమ్మ పేరు దూబగుంట రోశమ్మగా రాష్ట్రమంతా తెలిసింది. వారి కథ తర్వాతి వాచకంలో పాఠమైంది. దాన్ని చదివిన పక్క ఊళ్లు కదిలాయి. 1992లో సారా పాటలు జరిగే చోటికి వందల వేల మంది ఆడవాళ్లు తరలివచ్చారు. పాటలు పలుమార్లు వాయిదా పడ్డాయి. 1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలో, అదే ఏడాది అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా అమ్మకాన్ని ప్రభుత్వం నిషేధించింది. 1995 జనవరి 16న సంపూర్ణ మద్య నిషేధం అమలులోకి వచ్చింది. 1997లో ఆ నిషేధాన్ని సడలించారు.

నిషేధం నిలవలేదు కదా అని కొందరు పెదవి విరుస్తారు. నిజమే. అయితే ఎందుకు నిలవలేదన్నది కూడా ఆలోచించవలసిందే. రాత్రి బడులు మూతపడ్డాయి. పలకలు అటకెక్కాయి. పదిమంది కూర్చునే చోటు లేకుండా పోయింది. 1997లో సడలింపు వచ్చినప్పుడు 1992లో కూర్చున్నట్టు కూర్చుని దాన్ని గురించి మాట్లాడుకునే సాయంత్రాలు ఊళ్లలో మిగలలేదు. ఉద్యమం ఒకసారి వచ్చి పోతుంది. అలవాటు అలా కాదు, తరతరాలుగా నిలుస్తుంది. ఊళ్లకు ఇప్పుడు కావలసింది ఆ అలవాటు.

కొత్త ముచ్చట కాదు

తెలుగునాట ఇది కొత్తగా పుట్టిన ఆలోచన కాదు. 1914 ఏప్రిల్ 10న బెజవాడలోని రామమోహన గ్రంథాలయంలో ఆంధ్రదేశంలోని గ్రంథాలయాల ప్రతినిధులు సమావేశమయ్యారు. చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు అధ్యక్షత వహించారు. అయ్యంకి వెంకటరమణయ్య గారు ఆ సభకు ప్రాణం. అలాంటివారు గ్రంథాలయాన్ని పుస్తకాలు దాచే బీరువాగా చూడలేదు. చదువు రానివారికి చదివి వినిపించడం, పత్రికలో వచ్చిన దేశవార్తలు చెప్పడం, ఉపన్యాసాలు, వయోజన విద్య అన్నీ గ్రంథాలయం పనులే అనుకున్నారు. 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా కాలువలో పడవ మీద పుస్తకాలు పెట్టుకుని ఊరూరికీ తిప్పారు. నైజాంలో హైదరాబాదులోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం 1901లోనే వెలిసింది. సభ పెట్టుకోవడానికి సర్కారు అనుమతి కావలసిన ఆ సంస్థానంలో చాలామందికి గ్రంథాలయమే సభాస్థలి అయింది.

పట్టణాలకు ఈ వసతి ఎప్పటి నుంచో ఉంది. నెల్లూరులో రేబాల వారి పురమందిరం ఉంది, వర్ధమాన సమాజం ఉంది. సాహిత్యమైనా, రాజకీయమైనా సాయంత్రం వేళ అక్కడ ఏదో ఒక సభ జరుగుతుంటుంది. పల్లెకు అలాంటిది లేదు. పూర్వం రచ్చబండ ఉండేది కదా అంటారు. ఉండేది. దాని మీద ఎవరు కూర్చున్నారో, ఎవరు దూరంగా చేతులు కట్టుకుని నిలబడ్డారో కూడా గుర్తుంచుకోవాలి. ఆడవాళ్లు అటువైపు తలెత్తి చూసే రోజులు కావవి. కనుక పాత రచ్చబండను మళ్లీ తెచ్చుకోవలసిన పని లేదు. అందరూ ఒకే చాప మీద కూర్చునే చోటు కావాలి.

మాట్లాడవలసినవి ఎన్నో

మాట్లాడేందుకు ఏముందని అనుకోనక్కరలేదు. భూమి సంగతే చూడండి. భూముల రీసర్వే 2020 డిసెంబరులో మొదలైంది. భూ హక్కుల చట్టం 2023 అక్టోబరులో అమలులోకి వచ్చింది. 2024లో రద్దయింది. రైతు మెడ మీది కత్తి అని కొందరు, రైతుకు రక్ష అని కొందరు ఎన్నికల సభల్లో గొంతు చించుకున్నారు. ఆ చట్టంలో ఏమి రాసి ఉందో ఒక సాయంత్రం కూర్చుని చదివించుకున్న ఊళ్లు ఎన్ని? చట్టం రావడమూ పుకారుగానే తెలిసింది, పోవడమూ పుకారుగానే తెలిసింది. ఉన్న రెండెకరాలే బతుకైన రైతు తన పొలం సంగతి పుకారు మీద తెలుసుకోవలసి రావడం కంటే దురవస్థ లేదు.

నీటి సంగతి చూడండి. కాలువ చివరి చెరువుకు సోమశిల నీరు ఎందుకు రాలేదన్నది ఊరి ప్రశ్న. దాన్ని పట్టుకుని పైకి పోతే పెన్న, సోమశిల, కండలేరు, తెలుగుగంగ వస్తాయి. మద్రాసు దాహం తీర్చడానికి మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తలా 5 టీఎంసీల చొప్పున కృష్ణా నీరు ఇస్తామని 1976లో ఒప్పుకున్న ఒడంబడిక వస్తుంది. ఊరి చెరువు లెక్క నాలుగు రాష్ట్రాల లెక్కతో ముడిపడి ఉంది. ఈ ముడి తెలియని రైతు లస్కరు మీద కోపం తెచ్చుకుని ఊరుకుంటాడు. తెలిసిన రైతు ఏ ఆఫీసులో ఏ ప్రశ్న అడగాలో చూసుకుంటాడు. ఊరి సమస్య, దేశ సమస్య వేరువేరు కావని చెప్పడానికి ఇంతకంటే నిదర్శనం అక్కరలేదు.

జనాభా లెక్కల సంగతీ అంతే. 2011 తర్వాత దేశంలో జనాభా లెక్కలు జరగలేదు. 2027 జనగణనలో కులం కూడా రాసుకోవాలని కేంద్రం నిర్ణయించింది. రేపటి నిధులు, నియోజకవర్గాల హద్దులు ఈ లెక్కల మీద ఆధారపడతాయి. వలస పోయిన కుటుంబాన్ని ఎక్కడ రాస్తారు, రాసుకునే మనిషి ఏమేమి అడుగుతాడు అన్నవి గుమ్మం ముందు నిలబడి అప్పటికప్పుడు తేల్చుకునే విషయాలు కావు. ముందే కూర్చుని తెలుసుకోవలసినవి.

చట్టం చేయిచ్చింది

చట్టం ఊరి పక్షాన లేదని ఎవరైనా అంటే పొరపాటే. 1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ గ్రామసభకు రాజ్యాంగంలో చోటిచ్చింది. ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి మనిషీ అందులో సభ్యుడే, సభ్యురాలే. సర్పంచికి ఉన్నది ఒక ఓటే, పాలేరుకు ఉన్నదీ ఒక ఓటే. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం ఏడాదికి కనీసం రెండుసార్లు గ్రామసభ జరపాలని రాసింది. తెలంగాణ 2018లో చేసుకున్న చట్టం రెండు నెలలకొకసారి జరపాలన్నది. 2024 ఆగస్టు 23న ఆంధ్రప్రదేశ్‌లోని 13,326 పంచాయతీలలో ఒకేరోజు గ్రామసభలు జరిగాయి. ప్రభుత్వం తలచుకుంటే ఒక్కరోజులో రాష్ట్రమంతా సభ పెట్టగలదని దీనితో తేలింది. ఆ సభలకు వచ్చినవారు ముందే తెలుసుకుని, నిలదీసి అడిగేలా చేయడం మాత్రం ప్రభుత్వం చేయగల పని కాదు. అది ఊరు చేసుకోవలసిందే.

2005 నాటి సమాచార హక్కు చట్టం మరొక ఆయుధం. పంచాయతీ ఖర్చుల వివరం కావాలని కాగితం రాసిస్తే 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. ఆంధ్రప్రదేశ్ నిబంధనల ప్రకారం గ్రామస్థాయి కార్యాలయంలో ఇందుకు రుసుము లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. ఒక టీ ఖర్చుతో ఊరి లెక్క బయటపడుతుంది. ఒక్కడే దరఖాస్తు పెడితే వాడి మీద కన్ను పడుతుంది. సభలో పదిమంది ఎదుట అనుకుని పెడితే అది ఊరి ప్రశ్న అవుతుంది, ఒకరి మీద కక్షగా మారదు.

ఎక్కడ, ఎలా?

చోటు గురించి బెంగ అక్కరలేదు. గ్రంథాలయం ఉన్న ఊళ్లో గ్రంథాలయం, లేనిచోట బడి వరండా. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సును ప్రతి ఇల్లూ కడుతోంది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద జిల్లా గ్రంథాలయ సంస్థలు నడవడానికి ఆ సొమ్ము చేరుతుంది. తాము కట్టిన పైసలతో నడిచే చోట కూర్చోవడానికి ఎవరి దయా అక్కరలేదు. ఊళ్లో వసూలైన సెస్సు ఎంత, గ్రంథాలయ సంస్థకు జమ అయింది ఎంత అన్నది మొదటి సాయంత్రానికి మంచి ప్రశ్న.

రోజు విషయంలో పున్నమి మంచిది. ఏ క్యాలెండరూ చూడకుండా ఊరందరికీ గుర్తుండే రోజు అది. కరెంటు పోయినా వెన్నెల ఉంటుంది. పాలు పితికి, వంట ముగించి, ఆడవాళ్లు బయటికి రాగల వేళ చూసి మొదలుపెట్టాలి. గంటన్నరకు మించి సాగదీయరాదు. తెల్లవారి పనికి పోయే మనిషికి నిద్ర కూడా ముఖ్యమే.

పెట్టుకునే కట్టుబాట్లు కొద్దిగా ఉండాలి, గట్టిగా ఉండాలి. వేదిక వద్దు, దండలు వద్దు, శాలువాలు అసలే వద్దు. వేదిక కట్టినచోట మాట్లాడేవారు కొందరు, చప్పట్లు కొట్టేవారు కొందరు అవుతారు. ఒక సాయంత్రానికి ఒకే విషయం. తెలిసిన మనిషి, అంటే వ్యవసాయాధికారో, బ్యాంకు ఉద్యోగో, నర్సమ్మో, మాస్టారో, పదిహేను నిమిషాలు చెప్పాలి. తర్వాత ప్రశ్నలకే సమయం. మొదటి ప్రశ్న ఆడవాళ్లది, రెండోది కూలిది అని నియమం పెట్టుకుంటే నోరున్నవారు కాసేపు ఆగుతారు. జెండాలు గేటు బయట. అడిగిన ప్రతి ప్రశ్ననూ ఒక నోటు పుస్తకంలో రాయాలి. వచ్చే పున్నమికి ఆ పుస్తకం తెరిచి ఏ ప్రశ్నకు సమాధానం వచ్చింది, దేనికి రాలేదు అని చదవాలి. సభ ఉత్త మాటల పోగు కాకుండా కాపాడేది ఆ పుస్తకమే. గ్రామసభ నాడు దాన్ని పట్టుకుని పోతే చాలు.

అభ్యంతరాలు లేకపోలేదు

పల్లెల్లో పార్టీలు పెచ్చు పెరిగాయని, నలుగురు కూర్చుంటే కొట్లాటే అని పెద్దలు భయపడతారు. ఈ భయం ఊరికే పుట్టింది కాదు. పెళ్లికి పిలుచుకోని వర్గాలు ఉన్న ఊళ్లు జిల్లాలో ఉన్నాయి. అయితే ఎదురెదురుగా కూర్చోనందువల్ల కొట్లాటలు తగ్గిన దాఖలా లేదు. కిల్లీ కొట్టు దగ్గర, సెల్‌ఫోనులో వచ్చే సగం అబద్ధాల మధ్య అవి మరింత పెరిగాయి. మొదటి నాలుగు నెలలు తాగునీరు, పశువుల జబ్బులు, పంటల బీమా, పిల్లల చదువు వంటి విషయాలు తీసుకుంటే రెండు పక్షాల వారికీ ఒకే కష్టమని తెలుస్తుంది. ఆ తర్వాత కష్టమైన విషయాలు ఎత్తుకోవచ్చు.

జనం రారని మరికొందరు అంటారు. మొదటి పున్నమికి పదిహేనుమంది వస్తే గొప్పే. అక్షర దీపం బడులకూ మొదటి రోజు పరిగెత్తుకుని వచ్చినవారు లేరు. తమ కడుపు మాట అక్కడ వినపడుతుందని తెలిసిన తర్వాత వచ్చారు.

ఆడవాళ్లు రాత్రిపూట ఎలా వస్తారని అడిగేవారు దూబగుంట వైపు ఒకసారి చూడాలి. వచ్చారు, కూర్చున్నారు, అడిగారు. రాష్ట్ర ప్రభుత్వం చేత సమాధానం చెప్పించారు.

అధికారులు చేయవలసింది కొంత ఉంది. పగటి గ్రామసభలను కూలీలకు వీలైన వేళకు మార్చాలి. సాయంత్రం సభకు పిలుపు వస్తే మండల స్థాయి ఉద్యోగి ఒకరు రావాలని కలెక్టరు ఒక మాట చెబితే చాలు. గ్రంథాలయం తలుపులు ఆ ఒక్క రాత్రి తొమ్మిదింటి దాకా తెరిచి ఉంచితే జిల్లా గ్రంథాలయ సంస్థకు వచ్చే నష్టమేమీ లేదు. అంతకు మించి సర్కారు కల్పించుకోకపోవడమే మేలు. సర్కారు నడిపే సభ సర్కారు మాటే మాట్లాడుతుంది.

మిగిలింది ఊరి వంతు. ఒక చాప, ఒక దీపం, ఒక నోటు పుస్తకం. వాటికి తోడు, 'ఇది ఎవరు తీర్మానించారు?' అన్న ప్రశ్నను రోడ్డు పడిన తర్వాత కాక, పడక ముందే అడిగే పదిమంది. వచ్చే పున్నమికి ఏ ఊరు మొదలుపెడుతుందో జిల్లా చూడాలి.